బుచ్చవ్వ సోఫాను ఆపిన తీరు

సూరత్‌లోని కోసాడ్ ఆవాస్ కాలనీలోకి రోజూ పొద్దున చెత్త బండి పాట పెట్టుకొని వస్తుంది. ఆడవాళ్లంతా బకెట్లు పట్టుకొని దిగుతారు. మూడో అంతస్తు బుచ్చవ్వ కూడా దిగుతుంది, ఉత్త చేతులతో. అందరూ బండిలో ఏదో ఒకటి పారేసి పోతారు, బుచ్చవ్వ అందులోంచి ఏదో ఒకటి తెచ్చుకొని పోతుంది. ఓనాడు మూత పోయిన డబ్బా, ఓనాడు ఊచలు విరిగిన ఛత్రీ. ఆమె వస్తుంటే బండివాడు టైర్ల దిక్కు చూసుకుంటాడు.

ఇంట్లోంచి ఏదీ బయటికి పోవద్దు, అదే ఆమె పట్టిన వ్రతం. బీరకాయ వండిన రోజు పొట్టుతో పచ్చడి. పచ్చడికి పనికిరానిది పుదీన కుండీలోకి. కుండీ అంటే అడుగు పగిలిన పెయింటు డబ్బా. బియ్యం కడిగిన నీళ్లూ దానికే. పాల ప్యాకెట్లు కడిగి తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరేస్తే, కొత్తగా వచ్చినవాళ్లు ఇంట్లో ఏదో పండుగ ఉందనుకుంటారు. లుంగీ చినిగితే మసిగుడ్డ, మసిగుడ్డ చినిగితే కాళ్లు తుడుచుకునే పట్ట, అదీ చినిగితే బొంత కడుపులోకి. అరిగిపోయిన టూత్‌బ్రష్షుకు సైతం ఆ ఇంట్లో రిటైర్మెంటు లేదు, లంగాలకు నాడా ఎక్కించే కొలువు తయారుగా ఉంటుంది.

అట్లాంటి ఇంట్లో ఉన్నది ఒక గది, ఒక వంటిల్లు, బయట అందరికీ కలిపి ఓ పొడవాటి గ్యాలరీ. గదిలో ఫ్యాను కింద బుచ్చవ్వ నవారు మంచం. కొడుకు సోమలింగం ఉధ్నాలో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు నడుపుతాడు. మగ్గాల దగ్గర కత్తిరించి పారేసిన చీరల అంచులు అతనితో మోయించుకొని, వాటిని జడల్లాగ అల్లి నవారు చేసి ఆమే అల్లుకున్న మంచం. ఎరుపు, పచ్చ, నీలం, వంకాయ రంగు, చూస్తే కండ్లు తిరుగుతాయి. మిగతావాళ్లంతా కింద చాపల మీద పడుకుంటే అవ్వ దాని మీద మహారాణిలాగ పండుకొని, ఫ్యాను తనకొక్కదానికే తిరుగుతున్నట్టు "జర తగ్గియ్యుండ్రి, సలి వెడుతుంది" అనేది.

ఇట్లా ఉండగా పక్కింటి మంగ సోఫా కొన్నది.

"ఇంటికి ఎవలన్న వస్తే ఏడ కూసోవెడ్తం? మంచం పట్టె మీదనా?" అన్నది కోడలు పద్మారాణి. చీరలకు రాళ్లు అంటించే పని ఇంట్లోనే చేస్తుంది కాబట్టి పొద్దంతా ఆమెకు మంగ సోఫా మీద టీవీ చూసేవాళ్ల నవ్వులు వినిపిస్తూనే ఉంటాయి.

"ఉధ్నా రోడ్డు మీద పాతయి దొరుకుతయి. సస్తల పడ్తది," అన్నాడు సోమలింగం.

బుచ్చవ్వ గది నలుమూలలా చూసింది. సోఫా పట్టేది ఒక్క చోటే, ఫ్యాను కింద. అంటే సోఫా వస్తే మంచం పోతుంది. వద్దంటే కోడలు ఇంకింత పట్టు పడుతుంది, ఆ సంగతి తెలుసు. అందుకే చీర సర్దుకొని లేచింది.

"నేను సుత వస్త. మీకు సామాన్ జూసుడు ఎరుకేనా?"

కోడలు మురిసిపోయింది, పాపం.

పాత సామాన్ల దుకాణంలో అవ్వ విశ్వరూపం చూపించింది. మొదటి సోఫాను బోర్లించమన్నది. గేదెను కొనేటప్పుడు పండ్లు చూసినట్టు అడుగంతా చూసింది. గోటితో గీకి, "ఇది కట్టె గాదు బిడ్డా, రంపపు పొట్టు. జర తడి తాకితే ఉప్మా లెక్క ఉబ్బుతది" అన్నది. రెండోదాని కుట్లలోకి జడపిన్ను దూర్చి తీసి వాసన చూసింది. "నల్లులు." మూడోదాన్ని నాలుగు మూలలా పట్టి ఊపింది. అది కిర్రుమన్నది. "నువ్వు కూసుంటే మంగకు ఇనవడ్తది."

ఒక్కో మాటకు పద్మారాణి మొహం వాడిపోతూ వచ్చింది. దుకాణం సేఠ్ చెమట తుడుచుకుంటూ, "మాజీ, ఆప్‌కో సోఫా చాహియే యా దామాద్?" అన్నాడు. అల్లుడిని వెతుక్కునేవాళ్లు కూడా ఇంతగా చూడరని అతని బాధ.

చివరికి మిగిలింది ఒకటే, గోధుమ రంగుది. టేకు కాకున్నా కట్టె గట్టిది, కుట్లు శుభ్రంగా ఉన్నాయి, కిర్రుమనలేదు. కానీ అందులో పద్మారాణికి కావలసిన మెరుపు లేదు.

"ఇది బాగ లేదత్తా. పాండ్రి ఇంటికి. మల్లెప్పుడన్న సూద్దాం," అన్నది. సోమలింగం అప్పటికే గడప దాటి బీడీ తీశాడు.

అవ్వ గెలిచింది. అక్కడ నోరు మూసుకొని, ఎడమ కాలో కుడి కాలో ముందుకు వేసి ఇంటికి వచ్చి ఉంటే, మంచం ఈనాటికీ ఫ్యాను కిందే ఉండేది. కానీ గెలిచినవాళ్లకు ఓ రోగం ఉంటుంది. ఎట్లా గెలిచామో నలుగురికీ చూపించాలి.

"ఎట్ల బాగుంటది? దీని బట్ట జూడు ముందు," అంటూ అవ్వ సోఫాకు చెయ్యి ఆనించుకునే చేతికట్ట అంచు నుంచి ఒక పోగు గుంజింది. నేతగాళ్ల ఇంట్లో పుట్టినవాళ్లకు బట్టను కండ్లతో చూస్తే తృప్తి ఉండదు, కాల్చి చూడాలి. బూడిదైతే నూలు, ముద్దకడితే పాలిస్టర్. పోగు తెగలేదు. ఇంకా గుంజింది. ఇంకా వచ్చింది. దాన్ని తెంపడమెందుకు దండగని, వక్కల సంచిలోంచి అగ్గిపెట్టె తీసి, ఉన్నచోటనే అంటించింది.

పోగు సర్రున కాలుకుంటూ సోఫా దాకా పోయింది. చేతికట్ట మీద నూగు భగ్గుమన్నది. నల్లటి పొగ, కాలిన ప్లాస్టిక్ కంపు. సేఠ్ కేకపెట్టి తాగే నీళ్ల జగ్గు మొత్తం కుమ్మరించాడు. మంట ఆరింది. అరచెయ్యంత బొక్క, దాని చుట్టూ నల్లగా మెరిసే ముద్దలు.

అవ్వ వంగి ఆ ముద్దను వేలితో తాకి చూసి, తలెత్తి అన్నది:

"నేను జెప్పలే? పాలిస్టరే."

సూరత్‌లో పాలిస్టర్ పట్టుకోవడమంటే సముద్రంలో ఉప్పు పట్టుకోవడం. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ఒంటి మీద ఉన్న చీర కూడా అదే.

సేఠ్ మాత్రం చీర సంగతి ఎత్తలేదు. "అబ్ యే ఆప్‌కా హై మాజీ," అని, ఇక అది వాళ్లదేనని తేల్చి, సోమలింగం దగ్గర డబ్బులు తీసుకొని టెంపోవాణ్ణి పిలిచాడు.

మూడంతస్తులు ఎక్కించేసరికి సోఫా రెండు మలుపుల్లో ఇరుక్కుంది, సోమలింగం మోచెయ్యి గోడకు గీరుకుంది. గదిలోకి వచ్చాక పద్మారాణి నేరుగా ఫ్యాను కిందికి పోయింది. మంచం ఓ వైపు పట్టింది.

"బయటేస్తున్నవా నా మంచాన్ని?" అన్నది అవ్వ. అడగడానికైతే అడిగింది కానీ గొంతులో పస లేదు. కాల్చిన చేయి తనదే మరి.

"ఎందుకు పారేస్తం అత్తా? మన ఇంట్ల ఏదన్న పారేస్తమా? గ్యాలరీల పెడ్తున్నం."

"ఇంట్ల చెత్త లేకుంట చేసిన. ఆఖరికి మిగిలిన చెత్తను నేనే అయిన."

"నువ్వు సుత గ్యాలరీలనే ఉండు. గాలి మంచిగొస్తది," అన్నది కోడలు, సోఫా బొక్క మీద పెండ్లినాటి దుప్పటి పరుస్తూ.

ఆ రాత్రి అవ్వ దోమలను తిట్టుకుంటూ గ్యాలరీలో పడుకుంది. తెల్లారాక మొహం కడుక్కోవడానికి లేచింది.

అదే సమయానికి రాత్రి డ్యూటీ దిగి సోమలింగం వచ్చాడు. సోఫా మీద వాలాడు. తల ఓ చేతికట్ట మీద, కాళ్లు మరో చేతికట్ట అవతల, నడుమేమో గుంతలోకి. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. చివరికి దిండు చంకన పెట్టుకొని గ్యాలరీలోకి పోయి, అవ్వ మంచం మీద పడి గురక పెట్టాడు.

అవ్వ టీ తాగి వచ్చి చూసింది. రాత్రంతా సాంచాల మోతలో నిలబడి వచ్చిన కొడుకు. లేపబుద్ధి కాలేదు. మొహం మీద ఈగలు వాలకుండా కొంగు కప్పబోయి, కొంగు సరిపోక, ఆరేసిన తువ్వాలు తెచ్చి కప్పింది. తర్వాత లోపలికి పోయి, ఫ్యాను వేసుకొని, సోఫా నిండా కాళ్లు చాపి పండుకుంది.

ఇంతలో సోఫా చూడ్డానికి మంగ, వెంట ఆమె చెల్లెలు వచ్చారు. పద్మారాణి చేతుల జిగురు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"అత్తా, జర లే. వాళ్లు కూసుంటరు."

బుచ్చవ్వ కండ్లు తెరవలేదు.

"నా మంచం మీద నీ మొగడు పండుకున్నడు. పోయి వాన్ని లేపు. వాడు లేస్తే నేను లేస్త."

పద్మారాణి గ్యాలరీ దిక్కు చూసింది. సోమలింగం గురక అక్కడి నుంచి వినిపిస్తూనే ఉంది. మంగ, చెల్లెలు గోడకు ఒరిగి నిలబడే టీ తాగారు.