పాలు తాగిన చేపలు

చాలా ఏళ్ళుగా ఒక నవ్వు నా మీద బరువుగా కూర్చుంది. నేను పుట్టించిన నవ్వే. ఇంట్లో కూడా చెప్పుకోలేదు. ముఖం తెలియని మీకైతే చెప్పగలనేమో.

పామర్రులో ఆటో నడుపుతాను. కోతలు కోయడం నా సరదా. టీకొట్టు దగ్గర నేను మొదలెడితే గ్లాసుల్లో టీ చల్లారిపోయేది.

గంపలో చేపలు పెట్టుకుని ఇంటింటికీ తిరిగి అమ్మే నాగమణికి మెడ మీద తెల్లమచ్చలు లేచాయి. చేపలూ పాలూ కలిపి తింటే బొల్లి వస్తుందని మా వైపు నమ్మకం. దానికి నేనో తోక తగిలించాను. ఆమె సరుకు తెచ్చే చెరువులో విరిగిన పాలు పారబోస్తారనీ, అక్కడి చేపలు అవి తాగే బలుస్తాయనీ, ఆ చేప తింటే పాలూ చేపా కలిపి తిన్నట్టేననీ. అందరూ పగలబడి నవ్వారు. నవ్వినవాళ్ళే ఇళ్ళకెళ్ళి ఆడవాళ్ళకు చెప్పారు. నాగమణి గంప నిండుగా వెళ్ళి, నిండుగానే తిరిగి రావడం మొదలైంది.

నాకు భయమేసింది. నేనే ఆమెను ఆటోలో బెజవాడ తీసుకెళ్ళాను, బెంజ్ సర్కిల్ దగ్గర చర్మం డాక్టరమ్మకు చూపించడానికి. జాలితోనా? నా తప్పు కప్పుకోవడానికా? ఇప్పటికీ తేల్చుకోలేను.

డాక్టరమ్మ మచ్చ మీద పొట్టు గీకి, గాజుపలక మీద వేసి మైక్రోస్కోపులో చూసింది.

“బొల్లి కాదమ్మా, శోభి. అందరి ఒంటి మీదా ఉండే ఈస్ట్ అనే బూజే, చెమటకి ఎక్కువైంది. ఎవరికీ అంటదు, తిండితో సంబంధం లేదు. మందుకి తగ్గిపోతుంది. మచ్చల్లో రంగు తిరిగి రావడానికి మాత్రం నెలలు పడుతుంది.”

తిరుగుదారిలో నాగమణి అడిగింది.

“అన్నయ్యా, మచ్చలు కనపడతా ఉంటే నా మాట ఎవరు నమ్ముతారు? నువ్వు చెవులారా విన్నావుగా. టీకొట్టు కాడ ఓ మాట చెప్పవా?”

“చెప్తాలేమ్మా. నేను చెప్తే చేపలు కూడా నమ్ముతాయి.”

“అబ్బో, నీ కోతలు! ఈసారన్నా నిజం చెప్పు.”

మర్నాడు టీకొట్టు దగ్గర ఒకడు అడిగాడు: “ఏం బావా, పాల చేపల సంగతేంటి?”

నిజం చెప్పడానికే నోరు తెరిచాను. కానీ అది చెబితే, మొదటి మాట నేనే కల్పించానని కూడా ఒప్పుకోవాలి కదా? అంతమంది నా నోటివైపే చూస్తున్నారు. “ఇప్పుడు ఆ చెరువులో పెరుగు తోడుపెడుతున్నారంట” అన్నాను.

మళ్ళీ నవ్వులు.

రంగు తిరిగొచ్చేలోపే నాగమణి గంప దించేసింది. ఇప్పుడు రొయ్యల షెడ్డులో తలలు తీసే పని. ఒకప్పుడు బేరమాడినవాళ్ళ నోరు మూయించిన మనిషి, సూపర్‌వైజరు కేకేస్తే తలొంచుకుంటుంది. నేను ఎదురైతే పక్కవాళ్ళకు చూపిస్తుంది: “ఆ రోజు నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది ఈ అన్నయ్యొక్కడే.”

తల ఊపి వెళ్ళిపోతాను. అంతకన్నా నీచం ఏముంటుంది?

ఆమెకు చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆ కథ కట్టింది నేను. నిజం తెలిశాక కూడా దాన్ని దాచింది నేను. ఇలా రాసుకున్నాక ఊపిరి కాస్త ఆడుతోంది.