మూడో బేస్ మీద పసుపు

ముప్పై ఏళ్ళు దాటింది, ఒక అబద్ధం మోస్తున్నాను. పెద్దదేం కాదు, రెండు మాటల అబద్ధం. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నేనెవరో మీకు తెలియదు కాబట్టి చెప్తున్నాను. తెలిస్తే చెప్పేవాణ్ణి కాదేమో.

ఆర్మూర్‌లో మా మైదానం ఏమైందని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. నాయకులు మింగేశారని ఒకరంటారు, దుబాయ్ డబ్బు మింగిందని ఇంకొకరు. నేనూ తలూపుతాను. ఊపుతూ లోపల నన్ను నేనే తిట్టుకుంటాను.

ఎనభైల్లో మా బడికొచ్చిన ఆటల సారు ఎక్కడో శిక్షణకు వెళ్ళి, ఒక బ్యాటు, రెండు బంతులు తెచ్చి మాకు బేస్‌బాల్ నేర్పాడు. బంతిని కొట్టి నాలుగు బేసులూ చుట్టి రావాలి. ఇసుక నింపిన గోనెసంచులే మా బేసులు. సారు నందిపేట్‌కు బదిలీ అయ్యాక నేనే కెప్టెన్. చదువు అటకెక్కి నాన్న కిరాణా కొట్లో కూర్చున్న నాకు, చెప్పుకోవడానికి ఉన్న గొప్ప అదొక్కటే.

అయితే ఆ నేల మా ఒక్కరిదే కాదు. మాఘం దాటాక రైతులు ఉడకబెట్టిన పసుపు తెచ్చి అక్కడే ఆరబోసేవాళ్ళు. ఎత్తేదాకా ఆట బంద్. అది ఊరి కట్టుబాటు. కాపలా లస్మవ్వది. గట్టున కూర్చుని బీడీలు చుడుతూ పశువుల్ని అదిలించేది, పొద్దుగూకితే పసుపు మీద గోనెపట్టాలు పరిచి తెల్లారాక తీసేది. ఆమె మాట మీద నమ్మకంతోనే రైతులు పంటను అక్కడ వదిలి వెళ్ళేవాళ్ళు.

ఆ ఏడు నందిపేట్ కుర్రాళ్ళు మ్యాచ్‌కు వస్తామన్నారు. రాజన్న అనే రైతు పసుపు సరిగ్గా మా మూడో బేస్ మీద ఉంది. ఇంకా పది రోజులు ఆరాలి. బతిమాలితే కుదరదన్నాడు. మర్నాడు మోర్తాడ్‌లో పెళ్ళికని మూడు రోజులకు వెళ్ళాడు. వాన వస్తే పనికొస్తుందని ఒక టార్పాలిన్ గట్టు మీద పెట్టి మరీ వెళ్ళాడు.

అదే నాకు దొరికింది. లస్మవ్వ దగ్గరకు పోయి, వాన పడేట్టుంది, పసుపును పక్కకు కుప్ప చేసి టార్పాలిన్ కప్పమని రాజన్న చెప్పి వెళ్ళాడన్నాను. ఆరీ ఆరని పసుపుకు గాలాడకపోతే బూజొస్తుందని ఆమె నసిగింది. నాకు తెలియదా? పసుపు ఊళ్ళో పుట్టినవాణ్ణి. ఒక్క రోజుకేమవుతుందిలే అనుకున్నాను.

మ్యాచ్ ఓడిపోయాం. టార్పాలిన్ తీసేయమని లస్మవ్వకు చెప్పాల్సినవాణ్ణి, అందరి మీదా కోపంతో ఇంటికెళ్ళి ముసుగుతన్ని పడుకున్నాను. మరచిపోయానా? అలాగే చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. కాదు. చెప్తే నా అబద్ధం బయటపడుతుందని భయం. ఆమె మాత్రం అది రాజన్న మాటే అనుకుని, ఆయన వచ్చేదాకా దాన్ని ముట్టుకోలేదు.

నాలుగో రోజు రాజన్న వచ్చి టార్పాలిన్ లేపాడు. ఏడాది పంట. కొమ్ములన్నీ నల్లబడి, తెల్లటి బూజు పట్టి కంపు కొడుతున్నాయి. జనం పోగయ్యారు. నేనూ ఉన్నాను.

"ఎవలు కప్పమన్నరు లస్మవ్వా?"

"నువ్వే చెప్పి పోయినవని గీ పిలగాడన్నడు."

అందరూ నావైపు తిరిగారు.

"నేనెప్పుడు చెప్పిన?" అన్నాను.

లస్మవ్వ వాదించలేదు. ఒట్లు పెట్టలేదు. మా ఆట ఆమె గట్టునే కూర్చుని చూసింది గానీ, అందులో ఎవరు గెలిచారో ఆమెకు తెలిసేది కాదు. నన్నే చూస్తూ మెల్లగా అడిగింది.

"ఆట గెలిచిన్రా బిడ్డా?"

నేను జనం వెనక్కి జరిగాను.

ముసలిదానికి మతి తప్పిందన్నారు కొందరు. తప్పు చేసి పిల్లవాడి మీదకు నెడుతోందన్నారు ఇంకొందరు. మరుసటి ఏడు ఆమెను కాపలాకు ఎవరూ పిలవలేదు. రైతులు పసుపును తమ చేలల్లోనే ఆరబోసుకున్నారు. మైదానం ఏడాది పొడుగునా మాకే మిగిలింది. సిగ్గు లేకుండా సంబరపడ్డాను కూడా. తొంభైల్లో ఒక పొద్దున ఎవరో రాళ్ళు పాతి ప్లాట్లు చేస్తుంటే, అడ్డుపడటానికి మేం తొమ్మిదిమందిమే ఉన్నాం. మా మాట ఎవరు వింటారు? పసుపు పరిచి ఉంటే, అంతమంది రైతులను దాటి ఒక్క రాయి పాతే ధైర్యం ఎవరికుండేది? ఇప్పుడు మూడో బేస్ ఎవరిదో వంటగది.

లస్మవ్వ పోయింది. ఉన్నన్నాళ్ళూ ఆమె వాడకట్టు తప్పించుకుని తిరిగాను. రాజన్న ఉన్నాడు. ఆ ముసలిది నా పంట ముంచిందని ఇప్పటికీ అంటాడు. రేపు వెళ్ళి ఆయనకు చెప్తానని మీకు మాటివ్వను. అలా చాలా రేపులు అనుకున్నాను. క్షమించమనీ అడగను, అడిగే మొహం లేదు.

ఆమె అడిగిన దానికి మాత్రం, ఇన్నేళ్ళకు, మీ ముందు జవాబు చెప్తున్నాను. ఓడిపోయాం, అవ్వా. కప్పమన్నది నేనే.