మంచినీళ్ళకు ఏం రంగు?

మురుగునీళ్ళను ఎట్ల శుద్ధి చేస్తారో జనానికి తెలిసేదానికి ఒక బొమ్మల వీడియో చేసినాను. ఈ పొద్దు గుడియాత్తంలో, నూలుకు రంగు వేసే మా పెద్దమ్మకు మొదట చూపించినాను. అందులో నల్లటి మురుగు మూడు తొట్లు దాటి, కడాన నీలంగా మెరుస్తా ఏట్లోకి పోతాది.

"ఇంత కష్టపడి శుద్ధి చేసి, మళ్ళీ రంగెందుకు కలిపినారు నాయనా?" అనింది.

"అవి మంచినీళ్ళు పెద్దమ్మా."

"మంచినీళ్ళు నీలంగా ఉంటాయా? మేము నూలుకు నీలం వేసిన రోజు మా కాలవ చూడు, అచ్చం ఇట్లే ఉంటాది."

నీలం తీసేసినాను. ఏరు ఎండిపోయినట్లు అయిపోయింది. మళ్ళీ చూపించినాను.

"ఇప్పుడు సరిగ్గా ఉండాది. చూస్తానే మన పాలారు ఏరని తెలిసిపోతా ఉండాది," అనింది.

రేపు వేలూరులో, ఈ వీడియో చెయ్యమన్న ఆఫీసరుకు చూపించాల. నీళ్ళకు ఏం రంగు వెయ్యాలో మీరన్నా చెప్పండప్పా.