తేకలా పుట్టిన ఏటి వైన్

“పులిసి వెనిగరైపోయి ఉంటే? రేపు వియ్యంకుడి ముందు ఏ ముఖం పెట్టుకుని నిలబడను?”

ఆ మాటంటూనే జెమాల్ బాబాయ్ వ్యాన్‌ను మలుపు తిప్పాడు. వెనక పదకొండు మంది యాత్రికులు అలజాని లోయను, దాని వెనక మంచుకొండలను చూసి మాట మరిచిపోయారు. పక్క సీట్లో నేను. వారమంతా తెలవి ఊళ్లో వైన్ పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను, శనివారాలు ఆయన యాత్రికులకు వైన్ సంగతులు చెబుతాను.

పందొమ్మిదేళ్లుగా ఆయనది ఇదే దారి. పొద్దున మఠం, తర్వాత తోటలు, మధ్యాహ్నం సొంత ఇంట్లో భోజనం. భోజనానికి ముందు పెరటి గదిలోకి వెళ్లి నేలమీద చెంబెడు నీళ్లు పోసి వస్తాడు. అక్కడ మూతిదాకా పాతిపెట్టిన బాన ఉంది. కూతురు తేకలా పుట్టిన ఏటి ద్రాక్షతో వైన్ చేసి, రాతి మూత పెట్టి, మట్టితో మెత్తాడు. పెళ్లికి తప్ప తెరవకూడదు. మట్టి ఎండి పగిలితే లోపలికి గాలి పోతుంది.

రెండేళ్ల కిందట నడివేసవిలో ఆయనకు గుండెపోటు వచ్చింది. మూడు వారాలు ఇంటిల్లిపాదీ ఆసుపత్రిలోనే. బాన ఎవరికీ గుర్తు రాలేదు. తిరిగొచ్చేసరికి మట్టి నెర్రెలిచ్చింది. వెంటనే కొత్త మట్టి మెత్తాడు గానీ, లోపల వైన్ ఏమైందో తెలియదు.

“అప్పుడే ఒక్క చుక్క తీసిస్తే పరీక్ష చేసేదాన్ని కదా బాబాయ్.”

“చెడిందని తేలితే బాగుచేస్తావా అమ్మాయ్? బాగుందని తేలితే, నువ్వు తెరిచినందుకు చెడుతుంది.”

నేను చదివిన రసాయనశాస్త్రం కూడా ఆయన మాటే అంటుంది.

ఇంటి గుమ్మంలో ఆయన భార్య ఎతేరి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. “వచ్చాడండీ పెళ్లికూతురి తండ్రి! ఇవాళ కూడా బండి తోలకపోతే ఏం?”

“ఇంట్లో ఉంటే నీ తిట్లు తినాలిగా.”

రేపే పెళ్లి కాబట్టి, బాబాయ్ అందరినీ పెరటి గదిలోకి తీసుకెళ్లి, మట్టి గీకి, మూత ఎత్తాడు. ద్రాక్షకొమ్మల నిప్పుల మీద కాల్చిన మాంసం చేతుల్లోనే ఉండిపోయింది యాత్రికులకు. ఆయన ఎండు సొరకాయ బుర్రతో చేసిన గరిటె ముంచి పైకి తీశాడు గానీ, తాగకుండా దానివైపే చూస్తూ ఆగిపోయాడు. ఎతేరి లాక్కుని తాగింది. మళ్లీ తాగింది.

“ఏమైందే?”

“నోరు మూసుకుని తాగు.” ఆమె కళ్లు నిండిపోయాయి.

గరిటె నాదాకా వచ్చింది. పాత తేనె రంగు, అక్రోటు వాసన. వెనిగర్ జాడే లేదు. అందులోని ఆమ్లాల పేర్లన్నీ నాకు తెలుసు. అయినా ఇరవై నాలుగేళ్లు చీకట్లో, ఎవరూ ముట్టుకోకుండా, తనంతట తానే ఇలా తయారైందంటే ఒళ్లు జలదరించింది. యాత్రికుల్లో ఒక పెద్దాయన టోపీ తీశాడు. ఫోటో తీయాలని ఎవరికీ తోచలేదు.

అందరూ భోజనాలకు కూర్చున్నాక అడిగాను. “రెండేళ్లు ఎలా తట్టుకున్నావు బాబాయ్? మా పిల్లాడికి ఒళ్లు కాస్త వెచ్చబడితే గంటకు నాలుగుసార్లు థర్మామీటర్ పెడతాను.”

“భయపడలేదనుకున్నావా? భయమేసినప్పుడల్లా ఆ మూత దగ్గర కూర్చోకుండా పదిమందికి తిండి పెట్టే పనిలో పడ్డాను. నువ్వూ అంతే. డాక్టర్ చెప్పినట్టు మందు వెయ్యి, చూడమన్నప్పుడే చూడు. మధ్యలో లేచి వెళ్లి రొట్టెకు పిండి కలుపు.”

ఇప్పుడు మా పిల్లాడికి ఒళ్లు వెచ్చబడితే, మందు వేసి వచ్చి అలాగే పిండి కలుపుతున్నాను.