ముప్ఫై నాలుగు తోళ్ల దుప్పటి

ఆదివారం ఉదయం 8.10కి నేనూ మా అమ్మాయి మహతీ వెస్ట్‌మీడ్‌లో రైలెక్కాం. వలస పాలన నాటి వేట గురించి తను యూనిలో వ్యాసం రాస్తోంది. అందుకోసం పడమటి కొండల్లోని ఓ చిన్న ఊళ్లో జీన్ అనే పెద్దావిడను కలవాలి. ఆదివారం అక్కడ హోటళ్లు తెరవరు. వెళ్లేవారు మాలాగే పులిహోర కట్టుకోవడం మంచిది.

స్టేషన్ నుంచి పన్నెండు నిమిషాల నడక. జీన్‌కు ఎనభై దాటాయి, చూపు ఆనదు. బల్ల మీద కొవాలా తోళ్లతో కుట్టిన దుప్పటి పరిచి ఉంది. ఆవిడ ముత్తాత వేటాడినవి. అప్పట్లో ఇలాంటి తోళ్లు మూటలుగా ఓడలెక్కి లండన్ వెళ్లేవి. మర్నాడు ఆవిడ దీన్ని ఊరి మ్యూజియానికి ఇచ్చేస్తోంది. పక్కన పెట్టే చీటీలో "ముప్ఫై తోళ్లు" అని ఉంది.

"మా ఇంట్లో అందరూ చెప్పే లెక్క అది. ఆయన పేరుతో తప్పు లెక్క వెళ్లకూడదు. నాకు కనపడదు, మీరోసారి లెక్కపెట్టి చూడండి," అంది జీన్.

"నాన్నా, యూ కౌంట్ ఎవ్రీథింగ్. బస్‌లో సీట్లు కూడా!" అని మహతి నవ్వింది.

వేలు ఆనించి మొదలుపెట్టాను. "లాభం, రెండు, మూడు..."

"లాభమా? వాట్స్ దట్?"

"కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరమ్మా, లాభం అంటారు. మీ తాతయ్య దగ్గర్నుంచి వచ్చిన అలవాటు."

మహతి అది ఇంగ్లీషులో చెప్పింది. జీన్ నవ్వలేదు. "మా ముత్తాతా ఈ తోళ్లను అలాగే లెక్కపెట్టి ఉంటాడు," అంది.

మళ్లీ మొదలుపెట్టాను, ఒకటి నుంచి. అయిదు వరసలు, వరసకు ఆరు. ముప్ఫైయే. కానీ నాలుగు మూలల్లోనూ వేలికి అడ్డంగా కుట్టు తగిలింది. ఒక్కో మూలలో ఒక తోలు కాదు, రెండేసి చిన్నవి. మొత్తం ముప్ఫై నాలుగు.

జీన్ చెయ్యి పట్టుకుని ఆ కుట్టు మీద పెట్టాను. ఆవిడ చాలాసేపు తడిమి చూసింది.

"పిల్లలవి. తల్లి వీపు మీద తిరిగే వయసు," అంది.

"రాయకపోతే ఎవరికీ తెలీదు, జీన్," అంది మహతి మెల్లగా.

"మీ నాన్నకు తెలుసుగా. ఇప్పుడు నాకూ తెలుసు."

పాత అంకె కొట్టేయించి, మహతి చేత రాయించింది: ముప్ఫై నాలుగు. అందులో పిల్లలు ఎనిమిది.

2.40 రైలుకు తిరుగు ప్రయాణం. "ఇంట్లో రైస్ కొలిచేటప్పుడూ ఇక ఒకటే అంటావా నాన్నా?" అని అడిగింది మహతి.

"బియ్యానికి లాభమేనమ్మా," అన్నాను.

ఆ మ్యూజియానికి వెళ్లేవారికి దూరం నుంచి ముప్ఫైయే కనిపిస్తాయి. మూలల దగ్గర వంగి చూడండి.