కోటు లేని గుంజ

మా గార్డు మామ పోయాడన్న కబురు నాకు పావగడ సంతలో తెలిసింది. మిరపకాయల దగ్గర బేరమాడుతున్నాను. మా ఊరి గొర్రెల కాపరి జనాన్ని తోసుకుంటూ వచ్చి, "గార్డు మామ పోయినాడప్పా. తెల్లారి మంచం మీద నుంచి లేయనే లేదు" అన్నాడు.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "భుజం పట్టి చూసినారా?"

కాపరి నన్ను అసహ్యంగా చూశాడు. "చావులో కూడా ఎకసెక్కమేనా నీకు?"

ఎకసెక్కానికి అడగలేదు. ఎందుకడిగానో మీకు తెలియాలంటే ఆయన కొలువు గురించీ కోటు గురించీ చెప్పాలి. చదువు మధ్యలో మానినవాణ్ణి, నాకు వచ్చినట్టు చెబుతాను.

మా ఊరు నాగలమడిక పక్కన, పినాకిని ఏటి ఇసుకకు ఇవతల. ఊరు దాటితే సర్కారు పశువుల మేతకని విడిచిన గడ్డి బీడు. దాన్ని కావలు అంటాం. అందులో జింకల మంద ఉంది. వాటిని ముట్టుకోకూడదని హుకుం. హుకుం మైసూరు మహారాజుది, కాపలా మా మామ ఒక్కడిది. ఆయనకు తుపాకీ ఇవ్వలేదు. కర్ర ఒకటి, ఇత్తడి గుండీల ఖాకీ కోటు ఒకటి ఇచ్చారు. ఊరందరికీ ఆయన గార్డు మామే. నాకు వరసకు కూడా మామే గనుక నన్ను తిట్టే హక్కు కాస్త ఎక్కువ.

పొద్దున్నే సంగటి ముద్ద గుడ్డలో కట్టుకుని పోయేవాడు. పొదల్లో పన్నిన ఉరులన్నీ విప్పి భుజాన వేసుకుని వచ్చేవాడు. ఆ తాళ్ళతోనే మంచం అల్లించుకున్నాడు. దాని మీద కాళ్ళు చాపి, "ఊర్లో వేటగాళ్ళందరూ కలిసి నన్ను మోస్తా ఉండారు రా అల్లుడా" అనేవాడు. జింకల్ని జింకలని పిలవగా నేను వినలేదు. "మనోళ్ళు" అనేవాడు. "మనోళ్ళు ఈ పొద్దు ఏటి పక్కకు దిగినారు."

కదలకుండా కూర్చోవడం ఆయన విద్య. తొండ వచ్చి మోకాలెక్కి ఎండ కాచుకునేది. రెప్ప కూడా ఆడేది కాదు. మనతో మాట్లాడుతూ మాట్లాడుతూనే మనిషి ఒంట్లోంచి లేచి ఎటో వెళ్ళిపోయినట్టుండేది. "మామా!" అని అరిచేవాణ్ణి. కాసేపటికి, చాలా దూరం నుంచి తిరిగి వచ్చినట్టు, "ఆ, చెప్పు" అనేవాడు.

అంత బీడుకు ఒక్క మనిషి ఎక్కడ చాలుతాడు? అందుకని నడిమధ్య ఉన్న బండ చీలికలో ఒక గుంజ నిలబెట్టాడు. దానికి కోటు తొడిగి, తలగుడ్డ చుట్టి, తాను ఉత్త బనీనుతో ఇంకో దిక్కుకు పోయేవాడు. దూరం నుంచి చూస్తే అచ్చం గార్డే. వల తెచ్చినవాడు వచ్చిన దారినే తిరిగి పోయేవాడు. కొన్నాళ్ళకు గుట్టు బయటపడింది. మావాళ్ళు కోటుకు వంగి దండం పెట్టి, దాని ఎదురుగానే ఉరులు పన్నసాగారు.

ఊరిని ఆటపట్టించడం నా సొంత విద్య అని నా నమ్మకం. ఇంకొకడు, అదీ ఒక గుంజను పెట్టుకుని, ఆ పని చేస్తే చూస్తూ ఊరుకుంటానా? ఒక మధ్యాహ్నం పాత చెప్పులు దండగా గుచ్చి బండ ఎక్కాను. వెనక నుంచి పోయి కోటు మెడలో వేశాను. దండ సరిగ్గా కూర్చోలేదని భుజం మీద చెయ్యి వేసి సర్దబోయాను.

భుజం వెచ్చగా ఉంది. ఎండకు కాగిన గుడ్డ వేడి నాకు తెలుసు. ఇది లోపలి నుంచి వస్తున్న వేడి.

కోటు కదలలేదు. తల తిప్పలేదు. "నా కాలికి సరిపోయే జత ఉండాదేమి రా ఇందులో?" అంది.

బండ ఎలా దిగానో నాకు గుర్తు లేదు. నవ్వించడానికని ఈ కథ ఊరంతా నేనే చెప్పాను. ఒక్కడూ నవ్వలేదు. ఆ తర్వాత కోటు కనబడితే అది గుంజో మనిషో తేల్చడానికి ఎవరూ దగ్గరికి పోయేవాళ్ళు కారు. గుంజ ఉత్తగా ఉంటే మరీ భయం. కోటు తొడుక్కుని మామ ఏ పొద వెనక ఉన్నాడో! "మనిషిని చూసి ఎవడూ భయపడడు రా. ఉండాడో లేడో తేలకపోతేనే" అనేవాడు మామ. నన్ను నా విద్యలోనే ఓడించింది ఆయనొక్కడే. అందుకే ఆయన దగ్గర కూర్చోవడం నాకు ఇష్టం.

మొన్న శివరాత్రి తర్వాత దగ్గు పట్టుకుని మంచాన పడ్డాడు. చూడ్డానికి పోతే నా చెయ్యి పట్టుకున్నాడు. "ఉగాది వస్తా ఉండాది రా."

ఉగాది మరునాడు మా పల్లెల్లో ఇంటికొక మగవాడు వలలతో, కుక్కలతో వేటకు పోవాలి. ఏదో ఒకటి పడితేనే ఆ ఏడు వాన కురుస్తుందని నమ్మకం. మామకు జడిసి ఇన్నేళ్ళూ ఏటి పక్కన కుందేళ్ళతో సరిపెట్టుకున్నాం.

"మనోళ్ళకు పిల్లలుండాయి. కొత్త గార్డు ఎప్పుడొస్తాడో ఏమో. అంతవరకూ కోటు నువ్వు తీసుకో. ఒక దినం గుంజకు తొడుగు, ఒక దినం నువ్వు తొడుక్కో. ఇట్లాంటి దొంగ పనికి నీకన్నా యోగ్యుడు యాడ దొరుకుతాడు?"

"ఎవడన్నా చెప్పుల దండ వేస్తే?"

"జత సరిపోతుందేమో చూసుకో."

నవ్వుతూనే మాటిచ్చాను.

సంత నుంచి నేను నడిచి వచ్చేసరికి పూడ్చడం అయిపోయింది. "కోటు యాడ అత్తా?" అన్నాను. అత్త కళ్ళు తుడుచుకుంది. "తొడిగే పంపినాము నాయనా. గుండీలు చింతపండుతో తోమినా. అది లేకుంటే ఆయప్పను ఆడ ఎవరు గుర్తుపడతారు?"

కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత తాలూకా కచేరీ నుంచి ఒకాయన వచ్చి, కోటు సర్కారు సొత్తు, తిరిగి ఇవ్వాలన్నాడు. సమాధి చూపించి, "ఆయన్నే అడగండి స్వామీ, విప్పి ఇస్తాడు" అన్నాను. మళ్ళీ రాలేదు.

ఉగాది మరునాడు మా ఇంటి మగవాడిగా నేనూ పోయాను. ఈసారి వలలవాళ్ళు ఏటి వైపు తిరగలేదు. నేరుగా కావలులో దిగారు. ఎండ నడినెత్తిన ఉంది. గాలి లేదు. బండకు అవతల మంద మేస్తోంది, పిల్లలు తల్లుల పొట్టల కింద నిలబడి ఉన్నాయి. మావాళ్ళు వల విప్పుతున్నారు. నా దగ్గర కోటు లేదు. నోరు ఒక్కటే ఉంది.

"ఏమప్పా, గుంజకు కోటు లేదే?" అన్నాను.

వల పట్టిన పెద్దాయన విసుక్కున్నాడు. "తొడిగి పూడ్చినాం కదప్పా!"

"నేనూ అదే చెప్తా ఉండేది. తొడుక్కొనే ఉండాడు కదా."

వల మీద చేతులు ఆగిపోయాయి. నా వేళాకోళం పారిందని లోలోపల సంబరపడ్డాను. అప్పుడే మంద తలలెత్తింది.

అంతమందిమి కుక్కలతో ఎదురుగా నిలబడితే జింక గంతేసి పారిపోవాలి. అవి పారిపోలేదు. మమ్మల్ని చూడనూ లేదు. మందకు పెద్దదైన మగజింక, ఇర్రి, మొదలుకుని పిల్లల దాకా మా తలల మీదుగా, మా వెనక ఎవరినో చూస్తూ నిలబడ్డాయి. రోజూ వచ్చే మనిషిని చూసినంత నింపాదిగా. తర్వాత తలలు వంచి మేతలో పడ్డాయి.

పెద్దాయన వల చుట్టాడు. మేం వచ్చిన దారి మా వెనకే ఉంది. ఆ దారిన ఎవరూ పోలేదు. పక్కకు తిరిగి, ముళ్ళకంపల్లో పడి, ఏటి ఇసుకలో దిగి ఊరు చేరాం. అందరికన్నా చివర నేను. నడిచినంతసేపూ నా భుజం మీద ఒకచోట, అరచేయంత మేర, వెచ్చగా ఉంది. ఎండే అయి ఉంటుంది. తడిమి చూసుకోలేదు.