అంపైరు దిష్టిబొమ్మ

దిష్టిబొమ్మ కట్టడం ఏముంది, గడ్డి కుక్కి తగలబెట్టడమే కదా అనుకునేవాళ్ళు ఒకసారి కట్టి చూడాలి. ఊరేగింపు జంక్షన్ చేరేలోపు పేంటు జారిపోతుంది. తల ఒకపక్కకి వాలిపోతుంది. అంటించాక మంట రాదు, పొగ వస్తుంది. ఫొటోగ్రాఫరు దగ్గుకుంటూ వెళ్ళిపోతాడు. మా గజపతినగరంలో ఇవేవీ జరగకుండా బొమ్మ కట్టగలిగినవాడు ఒక్కడే, మా వీధి చివరి ఇంటి జగన్నాధం.

వరి పండించే కుటుంబం వాళ్ళది. కుప్ప వేయడంలో చెయ్యి తిరిగినవాడు కాబట్టి గడ్డి అతని మాట వింటుంది. వెదురుబద్దని అడ్డంగా కట్టి, ఎండుగడ్డిని మెలితిప్పి చుట్టి, మీద చొక్కా తొడిగేసరికి అచ్చం మనిషే లేచి నిలబడ్డట్టుంటుంది. ఏ పార్టీవాళ్ళు వచ్చినా కట్టి ఇస్తాడు. అధికారంలో ఉన్నాయన బొమ్మ, దిగిపోయినాయన బొమ్మ ఒకే అరుగు మీద పక్కపక్కన పడుకున్న రోజులున్నాయి. ఎవరిదని అడగడు, ఎందుకని అడగడు. పేరు రాసిన అట్ట మెడలో ఎవరిది వాళ్ళే వేసుకోవాలి. "నాకు పార్టీ నేదు, గడ్డున్నాది" అంటాడు. ఒక టీ ఇప్పిస్తే చాలు.

బొమ్మలకి బట్టలు మా వీధిలోనే కుట్టుమిషను పెట్టుకున్న రాజకుమారి ఇస్తుంది. ఆడవాళ్ళు జాకెట్ల కోసం రోజుకి రెండుసార్లు వచ్చి ఆమె ప్రాణం తీస్తారు గానీ, మగవాళ్ళు పేంట్లు పొడుగు తగ్గించమని ఇచ్చి మరిచేపోతారు. అలా ఎవరూ రాని బట్టల మూట ఒకటి ఆమె షాపులో ఎప్పుడూ ఉంటుంది. జగన్నాధం వచ్చి పొట్టి మనిషా, పొడుగు మనిషా చెప్తాడు. ఆమె వెతికి ఇస్తుంది. వరసకి బావా మరదళ్ళు కాబట్టి నాలుగు ఎకసెక్కాలు కూడా ఆడుకుంటారు.

ఇంత నెమ్మదస్తుడికీ ఒక పిచ్చి ఉంది. క్రికెట్టు. బ్యాటు పట్టిన పాపాన పోలేదు గానీ, రమేష్‌బాబు సెల్‌ఫోన్ల షాపులో పెద్ద టీవీ ముందు స్టూలు జగన్నాధానిది. ఆటగాడు సున్నాకి అవుటైనా క్షమిస్తాడు, చేతిలో పడ్డ క్యాచ్ వదిలేసినా క్షమిస్తాడు. అంపైరు మాత్రం అతని దృష్టిలో పుట్టుకతోనే దోషి. ఏ దేశపు అంపైరునైనా అచ్చ తెలుగులో తిడతాడు. ఆ తిట్లు వినడానికే షాపుకి వచ్చేవాళ్ళు కొందరున్నారు. మా ఆయన వాళ్ళలో ఒకడు.

రాజకుమారి తమ్ముడు ఉమాశంకర్ ఆ అంపైర్లలో చేరాడు. మొదట ఆటగాడవుదామనుకున్నాడు, కుదరలేదు. పరీక్షలు రాసి, విజయనగరం గ్రౌండుల్లో ఎండకి మాడి, మెట్టు మెట్టూ ఎక్కి, చివరికి అంతర్జాతీయ మ్యాచ్‌లకి వెళ్ళాడు. అతని పేరు వచ్చిన రోజు మా కుర్రాళ్ళు జంక్షన్లో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. మధ్యలో టోపీ పెట్టుకున్న ఉమాశంకర్, చుట్టూ నల్లకళ్ళద్దాలతో వీళ్ళ మొహాలు. 'మన ఊరి ముద్దుబిడ్డ' అని రాయించారు. రాజకుమారి రోజూ ఆ దారిన చుట్టు తిరిగి మరీ షాపుకి వచ్చేది.

తర్వాత ఆ మ్యాచ్ వచ్చింది. చివరి ఓవర్లో బంతి మన బ్యాట్స్‌మన్ బ్యాటు అంచుని రాసుకుని ప్యాడ్‌కి తగిలింది. అవతలివాళ్ళు గొంతు చించుకున్నారు. ఉమాశంకర్ వేలెత్తాడు. మళ్ళీ చూడమని రివ్యూ అడుగుదామంటే మనవాళ్ళు అంతకుముందే అన్నీ వాడేసుకుని కూర్చున్నారు. మ్యాచ్ పోయింది. రీప్లేలో చూస్తే ముందు బ్యాటుకి తగలడం స్పష్టంగా ఉంది, అంటే అది అవుటు కాదు.

జగన్నాధం స్టూలెక్కాడు. "ఒరే ఉమాశంకరా! బేటుకి తగిలిన సప్పుడు ఈడున్న మా దున్నపోతుకి ఇనబడ్డాది, ఆడున్న నీకు ఇనబళ్ళేదేట్రా? ఊరి పేరు ముంచీసినావు గదరా!" అని మొదలుపెట్టి, కన్నతల్లి వరకూ వెళ్ళాడు. ఆ భాగం నేను రాయను. రమేష్‌బాబు నవ్వుతూ అదంతా ఫోన్లో తీశాడు, ఊరుకోక ఇంటర్నెట్లో పెట్టాడు.

తెల్లారేసరికి దేశం దేశమంతా ఉమాశంకర్ మీద పడింది. పాత ఆటగాళ్ళు కోట్లు వేసుకుని టీవీల్లో కూర్చుని తిట్టారు. ఎవరో అతని ఫొటోకి గాడిద చెవులు అతికించారు. అమ్ముడుపోయాడన్నారు, ఇల్లెక్కడో చెప్పండన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు వైపుల నుంచి కెమెరాలు నెమ్మదిగా తిప్పి తిప్పి చూపించాక తప్పు కనిపెట్టడం నాకూ వచ్చు. ఆ మనిషికి రెప్పపాటే కదా దొరికింది!

మా కుర్రాళ్ళు ఫ్లెక్సీ చింపేశారు. అందులోంచి ఉమాశంకర్ మొహం గుండ్రంగా కత్తిరించి జగన్నాధం చేతిలో పెట్టారు. రమేష్‌బాబు ముందుండి, "మావా, సాయంత్రం జంక్షన్లో కాల్సాల. టోపీ ఉండాల, నల్ల పేంటుండాల. వీడియో అదిరిపోవాల" అన్నాడు. జగన్నాధం అలవాటు ప్రకారం ఏమీ అడగలేదు. మొహాన్ని చుట్టచుట్టి చంకలో పెట్టుకుని, ఇంకా అలవాటు ప్రకారం తిన్నగా రాజకుమారి షాపుకి వచ్చాడు.

నేను చీరకి ఫాలు కుట్టించుకోవడానికి అక్కడే కూర్చున్నాను. ఆమె పొద్దున్నించీ మాట్లాడకుండా మిషను తొక్కుతోంది. నేనూ కదపలేదు.

"రాజీ, నల్ల పేంటొకటి, సొక్కా ఒకటి సూడే" అన్నాడు గుమ్మంలోంచి.

"ఎంత పొడుగు?" అంది ఆమె తలెత్తకుండా.

"మన ఉమాశంకరంత ఉంటాది."

మిషను ఆగింది. అన్నాక గానీ అతనికి తెలియలేదు ఏమన్నాడో, ఎక్కడికి వచ్చాడో, ఎవరిని అడిగాడో. ఆ మొహం చూడాలి! నోరు తెరుచుకునే ఉంది. చంకలోని చుట్ట జారి కింద పడి సగం విప్పుకుంది. టోపీ, ఒక కన్ను కనబడ్డాయి.

రాజకుమారి లేచి మూట వైపు వెళ్ళలేదు. బీరువా తీసి, ఇస్త్రీ చేసి మడతపెట్టిన చొక్కా ఒకటి తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఇది ఆడిదే బావా. మొన్నొచ్చినప్పుడు బొత్తాం కుట్టమని ఒగ్గీసి ఎల్లాడు. పట్టికెల్లు. కొలత సూసుకోనక్కర్నేదు."

జగన్నాధం గుమ్మం మీదే కూలబడ్డాడు.

"బావా, నానూ సూసాను. ఆడు తప్పే ఇచ్చాడు, నాను కాదన్ను" అంది. "పొద్దున్నే ఫోన్ సేసాడు. లోకమంతా ఏటనుకుంటందో అడగనేదు. 'అక్కా, మనూర్లో ఏటనుకుంటన్నారే' అనడిగాడు. 'నిన్న కరెంటు నేదురా, ఎవులూ సూడ్నేదు' అనీసాను. మరేటి సెప్పమంటావు? ఎల్లుండి మళ్ళీ ఆడే నిలబడాల. ఎల్తాడో, ఎల్లకుండా వచ్చీస్తాడో తెల్దు. వచ్చీసాడంటే ఇంక జన్మలో మళ్ళీ ఎల్లడు, ఆడి సంగతి నాకు తెల్దా! ఇప్పుడు మీరంతా కలిసి కాల్చీసి ఆ వీడియో పంపితే..." అక్కడ ఆపేసి చొక్కా మడత మళ్ళీ సరిచేసింది.

జగన్నాధం చాలాసేపు తువ్వాలు కొస మెలితిప్పుతూ కూర్చున్నాడు. చివరికి, "ఫోన్ కలుపు" అన్నాడు.

"తిడతావా?"

"కలపవే!"

ఆమె కలిపి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టింది. అవతల ఉమాశంకర్ నీరసంగా "అక్కా" అన్నాడు. జగన్నాధం ఫోన్ అందుకుని నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఒరే ఉమా, నానురా, జగన్నాధం బావని. బాగున్నావా? మనకాడ నిన్న కరెంటు నేదురా. ట్రాన్సుఫారం పేలిపోనాది. టీవీల్నేవు, ఏటీ నేదు. మ్యాచెవులూ సూడ్నేదు. ఎవులు గెలిసారేటి?"

తిట్టడంలో దిట్ట గానీ అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. ఆ అబద్ధాన్ని అరిచినట్టుగా చెప్పాడు. అవతల నుంచి ఉమాశంకర్ అన్నాడు:

"బావా, మీ దున్నపోతు బాగున్నాదా?"

జగన్నాధం మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ తిట్లు ఉమాశంకర్ గ్రౌండు నుంచి హోటలుకి చేరేలోపే అతని ఫోనుకి చేరిపోయాయట. ఎంతమంది పంపారో లెక్కలేదట.

"తమ్ముడూ, మరి నన్నెందుకడిగావురా పొద్దున్న?" అంది రాజకుమారి.

"ఎవులో ఒకరు సూడ్నేదంటే ఇందామనిపించిందక్కా" అన్నాడు.

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. ఉమాశంకరే మళ్ళీ అందుకున్నాడు. "తప్పు నాదే బావా. సప్పుడు నాకినబళ్ళేదు, జనం గోలలో కలిసిపోనాది. ఆ బంతే కళ్ళముందు తిరుగుతన్నాది. ఎల్లుండి ఒంట్లో బాగోనేదని సెప్పి వచ్చీద్దామనుకుంటన్నాను. మళ్ళీ ఎలగ నిలబడ్డం? నువ్వు తిట్టినోడివి గదా, నువ్వే సెప్పు."

ఎవరైనా అయితే ధైర్యం చెప్తారు, ఇకమీదట నోరెత్తనని ఒట్టేస్తారు. జగన్నాధం ఆ రెండూ చెయ్యలేదు.

"ఒరే, మీ అమ్మ సేతి అంబలి తాగి పెరిగినోడిని. ఆయమ్మనన్నాను. అది తప్పు, నా నోరు పడిపోవాల. ఆ ఒక్కటీ ఎనక్కి తీసుకుంటన్నాను. మిగతాదేదీ తీసుకోను. ఔటు కాదది. మళ్ళీ తప్పిస్తే మళ్ళీ తిడతాను, మానడం నావల్ల కాదు. నువ్వు మాత్రం రాకు. నిలబడు. మన మనిషి ఆడ నిలబడ్డాడనే గదరా ఇంత ఇదిగా సూసింది!"

ఫోన్ పెట్టేశాక చొక్కా ఆమె చేతికే ఇచ్చాడు. కింద పడ్డ ఫ్లెక్సీ మొహాన్ని తీసి, తువ్వాలుతో దుమ్ము తుడిచి, అది కూడా మిషను మీద పెట్టాడు.

సాయంత్రం కుర్రాళ్ళు వచ్చారు. అరుగు మీద బొమ్మ లేదు. "కట్టను" అన్నాడు జగన్నాధం. అతని నోట ఆ మాట రావడం అదే మొదలు.

"అదేటి మావా, అందరికీ కడతావు గదా! మాకెందుకు కట్టవు?" అని రమేష్‌బాబు ఎగిరాడు.

"మంత్రులకి కట్టాను, ఆఫీసర్లకి కట్టాను. ఆలు ఎరిగుండి సేసారు. ఈడు ఎరక్క సేసాడు. ఎరక్క సేసినోడిని కాల్చాలంటే ముందు మన వీధితో మొదలెట్టాల. ఎల్లండి."

మేమే కట్టుకుంటాం అని పౌరుషంగా వెళ్ళి, గోనెసంచిలో ఏదో కుక్కి తెచ్చారు. అది జంక్షన్ చేరేసరికి ఒక కాలు దారిలో పడిపోయింది, ఆవు వచ్చి నములుతోంది. జనం నవ్వారు. అంటిస్తే పొగే గానీ మంట లేదు. మొహం లేదు, పేరు రాసిన అట్ట ఎవరో తేవడం మరిచారు. బస్సు కోసం నిలబడ్డ ముసలాయన అది ఎవరి బొమ్మని అడిగితే ఒక్కరూ జవాబు చెప్పలేదు. రమేష్‌బాబు వీడియో తీశాడు గానీ ఎక్కడా పెట్టలేదు.

ఆ తర్వాతి మ్యాచ్‌కి రాజకుమారి మొట్టమొదటిసారి సెల్‌ఫోన్ల షాపుకి వచ్చింది. తోడుగా నేనూ వెళ్ళాను. టోపీ సర్దుకుంటూ ఉమాశంకర్ గ్రౌండులోకి నడిచాడు. గ్రౌండంతా అతన్ని గేలి చేసింది. ఆ కేకలు టీవీలోంచి వినబడుతుంటే జగన్నాధం స్టూలు మీద బిగుసుకుపోయి కూర్చున్నాడు.

నాలుగో ఓవర్లో మనవాడి ప్యాడ్‌కి బంతి తగిలింది. అవతలి జట్టు జట్టంతా ఉమాశంకర్ మీదికి వచ్చి అరిచింది. అతను కదల్లేదు, అవుటు కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. వాళ్ళు రివ్యూ అడిగారు. పెద్ద తెర మీద చూపించడం మొదలుపెట్టగానే జగన్నాధం లేచి రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు. కరెంటు స్తంభం పట్టుకుని, షాపుకి వీపు తిప్పి నిలబడ్డాడు.

"ఏటైనాదే రాజీ?" అని అరిచాడు.

"ఇంకా సూపెడతన్నారు బావా!"

బంతి వికెట్ల పక్కనుంచి పోయేదేనని తెర మీద తేలింది. షాపంతా ఒక్కసారి లేచింది. రమేష్‌బాబే అందరికంటే గట్టిగా ఈల వేశాడు. "ఆడిచ్చిందే కరెట్టు బావా!" అంటూ రాజకుమారి గుమ్మంలోకి పరుగెత్తింది. వెనకే నేను వెళ్ళాను. జగన్నాధం తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు.

"ఇంకేటి, నోపలికి రా బావా" అంది ఆమె.

"నాను రానేనే" అన్నాడు, స్తంభం వదలకుండా. "ఆడింకా ఎంతసేపు నిలబడాలే!"